రెండు తలల పాముకు గట్టు మీద చోటు: చంద్రగిరి పొలాల నుంచి ప్రాజెక్టు డైరీ

మే, చివరి వారం

ఊరి పేరు రాయను. చంద్రగిరి మండలం అన్న మాటను మించి ఈ డైరీలో చిరునామా ఉండదు. ఫొటోల్లో వెనకాల కొండ కనిపించదు, రైతుల పేర్లు ఉండవు. మామూలుగా ఇలాంటి పనిలో దిగినవాళ్లు ముందు ఒక పటం గీస్తారు, ఎక్కడ ఏ జీవి కనిపించిందో చుక్కలు పెడతారు. రెండు తలల పాము విషయంలో ఆ చుక్కే దాని ప్రాణం తీస్తుంది. పటం ఒక్క వాట్సాప్ గ్రూపులోకి జారిందంటే చాలు, ఈ పాముకు కోట్లు వస్తాయన్న పుకారు నమ్మి గడ్డపారలు, టార్చిలైట్లు పట్టుకుని మనుషులు గట్ల మీద వాలిపోతారు. అందుకే మేము పాములను లెక్కపెట్టడం లేదు. పాముకు ముప్పు తెచ్చేవాటిని లెక్కపెడుతున్నాం: అంచు లేని బావులు, నైలాను వలలు, తవ్విన గుంతలు, ఎలుకల మందు, గట్టును కొరికేసే యంత్రాలు. ఈ పటం దొంగ చేతికి చిక్కినా వాడికి దొరికేది బావి మాత్రమే.

మాది చిన్న జట్టు. నేను డిగ్రీ కాలేజీలో జంతుశాస్త్రం చెబుతాను. పాములను కాపాడటంలో శిక్షణ పొందిన కుర్రవాడొకడు, రాతిపని చేసే మేస్త్రి, తన పొలాన్ని ప్రయోగాలకు ఇచ్చిన పెద్దాయన, సెలవుల్లో వచ్చే నా విద్యార్థులు. పాము ఎదురైతే ముట్టుకోకుండా అటవీ సిబ్బందికి ఫోను చేయాలన్నది మొదటి నియమం. చేయబోయే పని మొత్తం వాళ్లకు ముందే రాసి ఇచ్చి, సరేననిపించుకున్నాం.

జూన్, తొలి వానలకు ముందు

స్వర్ణముఖి పరివాహకంలో ఒక పక్క ఇసుక కలిసిన ఎర్రనేల, ఇంకో పక్క రాళ్ల గుట్టలు. మధ్యలో వేరుశనగ పొలాలు, అక్కడక్కడ మామిడి తోటలు, చెరకు. రెండు తలల పాము కోరుకునేది సరిగ్గా ఇలాంటి నేలే. వేలు దిగేంత వదులుగా ఉండాలి, నీరు నిలవకూడదు, గట్టులో ఎలుక బొరియలు ఉండాలి. తన ఇల్లు తాను తవ్వుకునే ఓపిక దీనికి తక్కువ. మెత్తటి మట్టిలోకి ముక్కుతో దూరుతుంది, గట్టినేల అయితే ఎలుక తవ్విన బొరియలోకి చేరుతుంది, ఆ ఎలుకనే తింటుంది. విషం లేదు. చుట్టుకుని, నొక్కి చంపుతుంది.

తవ్వకానికి ఒళ్లంతా ఎలా తీర్చి ఉందో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. మెడ అన్నది ఉండదు, తల నేరుగా ఒంట్లో కలిసిపోతుంది. ముక్కు కొన పారలా పలచగా ముందుకు వచ్చి ఉంటుంది. నోరు దాని కిందికి తగ్గి ఉండటం వల్ల మట్టిలో దూసుకుపోతున్నా నోట్లోకి ఇసుక పోదు. కళ్లు ఆవగింజలంత. పొలుసులు చిన్నవి, నున్నవి. ఇక తోక సన్నబడదు, మొద్దుగా ముగుస్తుంది. బెదిరితే తలను చుట్టల కింద దాచి, ఆ మొద్దు తోకను పైకి చూపిస్తుంది. దెబ్బ పడితే తోక మీద పడాలని దాని ఎత్తు. శత్రువును ఏమార్చడానికి ప్రకృతి ఇచ్చిన ఈ ఉపాయాన్నే మనుషులు రెండో తల అని నమ్మారు. పూర్వం పాములాడించేవాళ్లు తోక మీద వాతలు పెట్టి కళ్లు, నోరు ఉన్నట్టు చేసేవారు. ఇప్పటికీ అలా గాయపడ్డ పాములు పట్టుబడుతూనే ఉన్నాయి.

పొలాలన్నీ కలియతిరిగి నోటుపుస్తకంలో రాసుకున్న మొదటి జాబితా నన్ను కుంగదీసింది. నేలకు సమంగా నోరు తెరిచి ఉన్న ఎండిపోయిన బావులే అన్నిటికన్నా ఎక్కువ. బోరుబావులు వచ్చాక పాత బావులను పట్టించుకున్నవారు లేరు. ఒక బావి అడుగున కప్పలతో పాటు ఒక జెర్రిపోతు బతికే ఉంది. పైకి రావడానికి దానికి దారి లేదు. బావి గోడ పట్టుకుని జెర్రిపోతే పాకలేకపోతే మట్టిలో బతికే పాము కాబట్టి మేము మట్టిపాము అని కూడా అనే, మొద్దులాంటి ఈ రెండు తలల పాము పరిస్థితి చెప్పనక్కరలేదు.

జూన్, విత్తనాల వేళ

వాన పడింది, ఊరంతా పొలాల్లోనే ఉంది. ఎవరినీ కూర్చోబెట్టి మాట్లాడే సమయం కాదిది, చూడటానికే.

ఎద్దుల నాగలి ఉన్నప్పుడు చాలులో ఏం బయటపడుతోందో రైతు కళ్లముందే కనిపించేది. పాము కనిపిస్తే ఎద్దులను ఆపేవాడు. ట్రాక్టరు వెనక రోటవేటరు కట్టాక పళ్లు గిర్రున తిరుగుతూ పైమట్టినంతా పిండి చేస్తాయి. పొద్దుటి పూట పాము పడుకునేది కూడా సరిగ్గా ఆ పైమట్టిలోనే. డ్రైవరుకు వెనక ఏం జరుగుతోందో తెలియదు. పైగా ఎకరాలు కలపడానికి గట్లను జేసీబీతో చదును చేయడం మామూలైపోయింది. దున్నిన చేనులో పాముకు మిగిలే ఏకైక ఆసరా గట్టే. దున్నకం నుంచి తప్పించుకుని చేరేది అక్కడికే, ఎలుక దొరికేదీ అక్కడే. గట్టు పోతే పొలం పచ్చగా ఉన్నా పాముకు అది ఎడారే.

పెద్దాయనతో ఒక ఒప్పందం కుదిరింది. ఆయన పొలంలో తూర్పు గట్టును ఈ ఏడు ముట్టుకోరు. గట్టుకు ఆనుకుని మూరెడు వెడల్పున దున్నకుండా వదిలేస్తారు. దున్నడం కూడా గట్టు పక్క నుంచి కాకుండా చేను మధ్య నుంచి మొదలుపెట్టి బయటికి వస్తారు, లోపలున్న జీవి గట్టువైపు జరగడానికి వీలుంటుందని. ఇది ఆయన ఆలోచనే. "కోతప్పుడు కూడా కుందేళ్ల కోసం మా నాయన ఇలాగే చేసేవాడమ్మా, బయటి నుంచి కోసుకొస్తే పాపం నడిమిట్ల ఇరుక్కుంటాయి" అన్నారు. నా పుస్తకాల్లో లేని ఉపాయం.

ఎలుకల మందు మాట తీస్తే మాత్రం ఆయన కూడా తల అడ్డంగా ఊపారు. పంట నష్టం ఆయనది, కాదనలేను. బొరియ ముందు పొడి చల్లి వదిలేయకుండా, చచ్చిన ఎలుకలను ఏరి లోతుగా పూడ్చడానికి మాత్రం ఒప్పుకున్నారు. రక్తం గడ్డకట్టకుండా చేసే రకం మందు తిన్న ఎలుక వెంటనే చావదు, కొన్ని రోజులు మందకొడిగా తిరుగుతుంది. వేటాడే జీవికి దొరికేది ముందు అదే.

జులై, మొలకలు వచ్చాక

అడవి పందులు దిగాయి. వెంటనే వలలు లేచాయి.

తిరుపతి చుట్టుపక్కల కొండ అంచు పొలాల్లో పంట నిలబెట్టుకోవడం ఎంత కష్టమో తెలియనివాళ్లు వల కట్టాడని రైతును తిట్టకూడదు. ఒక్క రాత్రిలో పందుల గుంపు అర ఎకరం పెళ్లగించి పోతుంది. పాత చేపల వలలు చవగ్గా దొరుకుతాయి. నాలుగు కర్రలు పాతి చుట్టూ కడితే కొంత నెమ్మది. వల అంచు నేలమీద జారి పడి ఉంటుంది, పంది ముట్టె పెట్టినా చిక్కుకునేలా. కానీ ఆ అంచులో చిక్కుకునేది పంది కన్నా ముందు పామే.

ఇవాళ పొద్దున్నే పెద్దాయన ఫోను చేశారు. మేము వెళ్లేసరికి అటవీ బీటు ఉద్యోగి కూడా వచ్చారు. వల అంచులో రెండు తలల పాము ఇరుక్కుని ఉంది. పెద్దది, బహుశా ఆడది. ఈ జాతిలో ఆడవే పెద్దవి. తల, ఒంట్లో మూడో వంతు వల కన్నులోంచి ముందుకు వెళ్లిపోయాయి. లావైన నడుము దగ్గర ఆగిపోయింది. వెనక్కి రావాలంటే పొలుసులు వెనక్కి తెరుచుకుని నైలాను దారానికి కొక్కేల్లా పట్టుకుంటాయి. ముందుకు పోతే దారం ఇంకా బిగుస్తుంది. తెల్లవార్లూ గింజుకున్నట్టుంది, దారం చర్మంలోకి దిగి రెండు పక్కలా ఒళ్లు ఉబ్బింది.

మా కుర్రవాడు ముందు దాని తల మీద తడిగుడ్డ కప్పాడు. కళ్లకు వెలుతురు తగలకపోతే అది గింజుకోవడం మానేస్తుంది. తర్వాత వలను కర్ర నుంచి కోసి, పాముతో పాటు నీడలోకి తెచ్చి, నేలమీద పరిచాడు. ముందు వల, తర్వాత దారం. ఆ వరుస తప్పకూడదు. వల ఇంకా కర్రకు బిగిసి ఉండగా దారం కోయబోతే లాగుడుకు అది ఇంకా లోపలికి దిగుతుంది. మొనలేని చిన్న కత్తెర వాడాడు. దారానికి, చర్మానికి మధ్య కత్తెర దూరలేదు. దారం పక్కన కొంచెం కొబ్బరినూనె రాసి, వీపు పక్క, కండ ఎక్కువున్న చోట, నిదానంగా కత్తెర అంచును దూర్చాడు. ఒక్కో కన్ను తెగుతుంటే పాము ఒంట్లో చిన్న వణుకు. చివరి దారం తెగాక కూడా పాము కదల్లేదు, తలను చుట్టల కిందికి తోసి తోకను పైకెత్తింది. బొటనవేలు లాంటి ఆ మొద్దు తోక మమ్మల్ని బెదిరిస్తున్నట్టు అటూ ఇటూ ఊగింది. దారం నొక్కినచోట చర్మం తెగలేదు, గీత మాత్రం ఎర్రగా ఉంది. చర్మం తెగి ఉంటే వెంటనే వదలకూడదు, పశువైద్యుడికి చూపించాలి, పురుగు పడుతుంది. బీటు ఉద్యోగి పరిశీలించి, అక్కడే, చిక్కుకున్న చోటికి దగ్గరలోనే వదలమన్నారు. సాయంత్రం ఎండ తగ్గాక వదిలాం.

దగ్గరలోనే అన్న మాట ముఖ్యం. పాము కనిపించగానే సంచిలో వేసుకుని దూరపు అడవిలో వదిలితే మేలు చేసినట్టు చాలామంది అనుకుంటారు. బొరియలు ఎక్కడున్నాయో, నీడ ఎక్కడో, ఎలుక ఎక్కడ తిరుగుతుందో తెలియని చోట పడేసిన పాము బతకడం కష్టం. స్మగ్లర్ల దగ్గర పట్టుబడ్డ పాములకు వచ్చే చిక్కు కూడా ఇదే. ఏ పొలం నుంచి తెచ్చారో ఎవరూ చెప్పరు, మళ్లీ ఆ పొలానికి చేర్చే దారే ఉండదు.

జులై, నెలాఖరు

వల తీసేయమని రైతుకు చెప్పలేం. వల అంచును మార్చగలమా అన్నదే ప్రశ్న.

మొదట అనుకున్నది, వలను జానెడు పైకెత్తి కట్టడం. పెద్దాయన ఒక్క మాటలో కొట్టిపారేశారు: "జానెడు సందిస్తే పంది ముట్టె పెట్టి మూరెడు చేసుకుంటుంది." ఆయన భార్య పక్కనే ఉండి పాత చీరల సంగతి చెప్పారు. మా ప్రాంతంలో పొలం చుట్టూ రంగురంగుల పాత చీరలు కట్టడం ఎప్పటినుంచో ఉంది. రాత్రి గాలికి ఊగే గుడ్డ చూసి పందులు జంకుతాయి. వల పాతదైనా కొనుక్కోవాలి, చీరలు ఇంట్లోనే ఉంటాయి.

రెండింటినీ కలిపాం. వల కింది అంచు నేలకు రెండు జానలు పైన ఉండేలా కట్టి, ఆ ఖాళీలో చీరను రెండు మడతలు వేసి అడ్డంగా కుట్టాం. కింది మడతలో కొబ్బరి తాడు దూర్చి, బారకొక మేకు చొప్పున నేలకు బిగించాం. మేకుకూ మేకుకూ మధ్య చీర వదులుగా నేలను తాకుతూ ఉంటుంది. పాము ముక్కుతో తోసుకుని కింద నుంచి జారిపోవచ్చు. గుడ్డకు కన్నులు లేవు, చిక్కుకునే ప్రశ్న లేదు. పంది ముట్టె పెడితే తాడు అడ్డం వస్తుంది.

మొదటి గట్టి వానకు చీర తడిసి బరువెక్కి ఒకచోట కుంగింది. ఆ రాత్రే పందులు అటునుంచి దిగాయి. పక్క పొలం రైతు అప్పటికే మా మాట విని వల మార్చినవాడు. పొద్దున వచ్చి చెడిన మొక్కలు చూసుకుని, ఏమీ అనకుండా పాత పద్ధతిలోనే వల మళ్లీ నేలకు దించుకున్నాడు. ఆయన్ని తప్పుపట్టే హక్కు మాకు లేదు. మేకుల దూరం సగానికి తగ్గించాం, నూలు చీరలు మానేసి పాలియెస్టరు చీరలు వాడుతున్నాం. అవి తడిసినా తొందరగా ఆరతాయి. పెద్దాయన పొలంలో ఆ తర్వాత పందులు దాటలేదు, చీరల కింద ఏదీ ఇరుక్కోలేదు. అంతమాత్రాన పద్ధతి నిలిచిందని చెప్పను. కాయ ఊరే నెల ఇంకా ముందుంది, పందికి అసలు ఆశ పుట్టేది అప్పుడే.

ఆగస్టు

రచ్చబండ దగ్గర మాట్లాడాం. అనుకున్నదానికన్నా ఎక్కువమంది వచ్చారు. వచ్చినవారిలో సగం మంది కుర్రవాళ్లు, వాళ్ల కళ్లలో ఒకటే ప్రశ్న. చివరికి ఒకడు అడిగేశాడు: "మేడమ్, నిజంగా దీనికి కోట్లు వస్తాయా?"

ఈ జిల్లాలో పెరిగినవాళ్లకు ఇలాంటి కథలు కొత్త కాదు. బియ్యం గింజలను లాగే చెంబు ఉందనీ, దానిలో ఇరిడియం ఉందనీ, విదేశాల వాళ్లు కోట్లు పోసి కొంటారనీ చెప్పి రైస్ పుల్లింగ్ పేరుతో ఎందరినో ముంచారు. రెండు తలల పాము కథ కూడా ఆ బడిలో చదువుకున్నదే. ఇంట్లో ఉంటే లక్ష్మి వస్తుందని ఒకరు, ఎయిడ్స్‌కు మందని ఒకరు, క్షుద్రపూజలకు కావాలని ఇంకొకరు. అన్నిటికీ ఒకటే షరతు: బరువు. రెండు కిలోలు దాటాలి, మూడు దాటాలి అంటూ అంకె పెంచుకుంటూ పోతారు. ఈ జాతి పాముల్లో చాలావాటి బరువు కిలో కూడా దాటదు. అంటే అడిగే బరువున్న పాము దొరకదు కాబట్టి దొరికినదాన్ని బరువు చేస్తారు. నోట్లో ఉక్కు గుళ్లు వేస్తారు, పాదరసం పోస్తారు. పేగులు చిట్లి చస్తాయి.

ఇక్కడ ఆగి ఒక సంగతి వివరంగా చెప్పాను, ఎందుకంటే దీన్ని ఎక్కువమంది పట్టించుకోరు. బరువు కోసం వెతికేవాడు చిన్న పాముల జోలికి పోడు, అన్నిటికన్నా పెద్దదాన్ని పట్టుకుపోతాడు. పెద్దవంటే ఆడవి, కడుపుతో ఉన్నవి. ఈ పాము గుడ్లు పెట్టదు, పిల్లలనే కంటుంది. కనేది కొద్దిపాటి పిల్లలనే. ఒక ఊరి పొలాల నుంచి నాలుగు పెద్ద ఆడపాములను తీసేస్తే, మిగిలిన పాములు కంటికి కనిపిస్తున్నా ఆ ఊళ్లో జాతి వెనక్కి జారినట్టే. చెట్టు నరికితే మోడైనా మిగులుతుంది. ఇక్కడ ఖాళీ అయిన సంగతి కూడా పైకి తెలియదు, ఎందుకంటే ఈ పాము ఉన్నా కనిపించేది తక్కువే.

వ్యాపారం ఎంత దూరం పాకిందో చెప్పడానికి ఒక లెక్క చదివాను. వైల్డ్‌లైఫ్ కన్జర్వేషన్ సొసైటీ భారత విభాగం 2016 నుంచి 2021 దాకా వార్తల్లో వచ్చిన కేసులను పోగుచేస్తే 172 ఘటనలు తేలాయి, 18 రాష్ట్రాల్లో. మహారాష్ట్ర అన్నిటికన్నా ముందుంది. పట్టుబడి వార్తకెక్కినవే ఇన్ని. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ ఎర్ర జాబితాలో ఈ పాము ఇప్పుడు ముప్పుకు చేరువైన జాతుల వరసలో ఉంది. దేశాల మధ్య వ్యాపారాన్ని అదుపు చేసే సైటిస్ ఒప్పందం రెండో అనుబంధంలో ఉంది. మన 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద దీన్ని పట్టడం, ఇంట్లో ఉంచుకోవడం, అమ్మడం, కొనడం నేరం. అమాయకంగా ఫొటో పెట్టి "ధర ఎంత" అని అడిగినవాడు కూడా చిక్కుల్లో పడతాడు.

అంకెల కన్నా బాగా పనిచేసింది పెద్దాయన వేసిన ప్రశ్న. ఆయన కుర్రవాళ్ల వైపు తిరిగి, "కోట్లు ఇచ్చేవాడైతే నా దగ్గర పదివేలు అడ్వాన్సు ఎందుకు అడుగుతాడ్రా?" అన్నారు. పక్క ఊళ్లో ఒక బంధువు పరీక్ష ఖర్చులని, ప్రయాణ ఖర్చులని చెప్పినవాళ్లకు డబ్బు కట్టి, భూమి తాకట్టు పెట్టుకున్న కథ చెప్పారు. పాము పోయింది, డబ్బూ పోయింది. అడిగిన కుర్రవాడు ఏమీ అనలేదు కానీ, మీటింగు అయిపోయాక వచ్చి తన ఫోనులో ఉన్న ఒక గ్రూపు చూపించాడు. పాములను దోసిట్లో పట్టుకుని, తూకం మీద పెట్టి తీసిన వీడియోలు వరసగా ఉన్నాయి. మా ముందే ఆ గ్రూపులోంచి బయటికి వచ్చేశాడు. అంతకుముందే అందులోని వివరాలు అటవీ అధికారులకు పంపించాం.

సెప్టెంబరు

బావి పని మొదలైంది. ఈ ప్రాజెక్టులో నాకు అన్నిటికన్నా నమ్మకం ఉన్న పని ఇదే.

బావుల్లో పడిన జీవులు పైకెక్కడానికి ముడుల తాడు వేలాడదీయడం బయట చాలాచోట్ల చేస్తున్నారు. జెర్రిపోతుకు, ఉడుతకు అది పనికొస్తుంది. మట్టిపాము తాడెక్కదు. దానికి కావలసింది పడకుండా చూసే అంచు. మేస్త్రి ఒక బావి చుట్టూ రెండడుగుల ఎత్తున రాతికట్టు కట్టాడు. బయటి పక్క నున్నగా పూత పూసి, పైన రెండంగుళాలు బయటికి పొడుచుకు వచ్చేలా బండలు పేర్చాడు. గోడకు ఆనుకుని పైకి లేచిన పాము ఆ బండ దగ్గర ఆగి కిందికి జారుతుంది. పూతలో ఏటి ఇసుక వాడలేదు, క్రషర్ నుంచి రాతిపొడి తెచ్చాం. ఈ పాము కోసం కట్టే గోడకు దాని ఇంటి నుంచే ఇసుక తవ్వుకు రావడం నాకు మనసొప్పలేదు. స్వర్ణముఖి ఒడ్డున మట్టి తోడేసిన చోట్లు ఎలా ఉన్నాయో ఎవరైనా వెళ్లి చూడవచ్చు. వదులు నేల పోయి గట్టి పొర బయటపడింది. దానిలోకి ఎలుకే దిగలేదు, పాము ఎక్కడ దిగుతుంది? తిరుపతి చుట్టూ పొలాలు ప్లాట్లవుతున్న చోటా ఇదే కథ. గ్రావెల్ తోలి రోలరు తిప్పాక ఆ నేల మట్టిపాముకు ఇక నేల కాదు.

బావి యజమాని కట్టు చూసి వెంటనే ఒక సందేహం లేవనెత్తాడు. వానకు చేలోంచి పారే నీరు బావిలోకి దిగేది, కట్టు కడితే ఆ నీరు ఎటు పోతుంది? న్యాయమైన ప్రశ్న. పల్లం వైపు కట్టు అడుగున ఆరంగుళాల పైపు పెట్టి, బయటి మూతికి సన్నకన్నుల ఇనుప జాలీ బిగించాం. కన్ను ఎంత ఉండాలన్నది పాముపిల్లను బట్టి తేల్చాల్సి వచ్చింది. అప్పుడే పుట్టిన పిల్ల పెన్సిలుకన్నా కొంచెం లావు, కాబట్టి పెన్సిలు కూడా దూరని జాలీ తెచ్చాం. ఆకులు అడ్డుపడితే నీరు ఆగిపోతుంది, ప్రతి పెద్ద వాన తర్వాత ఎవరైనా వెళ్లి చేత్తో తుడవాలి. ఆ పని పక్క వీధి పిల్లలు తీసుకున్నారు.

ప్లాస్టిక్ పట్టా పరిచిన నీటికుంటలకు ఖర్చు తక్కువతో పని అయిపోయింది. పట్టా నున్నగా ఉండటంతో దిగిన జీవి పైకి ఎక్కలేకపోయేది. ఒక పక్క వాలు మీద పాత గోనెసంచులు కుట్టి, పై అంచున రాళ్లు కట్టి నీటిదాకా వదిలాం. గరుకు నేల దొరికితే మట్టిపాము కూడా వాలు ఎక్కగలదు. ఎండకు గోనె చివికిపోతుంది, ఏటా మార్చాలి.

అక్టోబరు

ఈశాన్య వానలు. కోతలు, కాయ పీకుళ్లు. పొలాల్లో మనుషుల చేతులు నేలకు దగ్గరగా ఉండే కాలం, పాము భయం ఎక్కువగా ఉండే కాలం.

పక్క ఊరి నుంచి ఒక ఫొటో వచ్చింది, చంపేసిన పాము. రక్తపింజర అని కొట్టారు. చూస్తే గరుకు పొలుసుల మట్టిపాము, రెండు తలల పాముకు దాయాది, విషం లేనిది. ఒంటి మీద ముదురు మచ్చలు ఉండటం వల్ల రక్తపింజర అనుకుని చంపడం ఎక్కువ. అంతకన్నా నాకు భయం వేసేది దీనికి తిరగబడ్డ పొరపాటు: రక్తపింజరను మట్టిపాము అనుకుని, అమ్ముకుందామని చేయి పెట్టడం. అది ప్రాణం మీదికి వస్తుంది. కాబట్టి మా పోస్టరులో రెండు బొమ్మలూ పక్కపక్కన వేశాం. రక్తపింజరకు వీపు మీద గొలుసుకట్టులా వరసగా మచ్చలు, మెడ నుంచి స్పష్టంగా విడివడిన ముక్కోణపు తల, బెదిరితే కుక్కరు విజిలంత బుస. గరుకు పొలుసుల మట్టిపాముకు మచ్చలు అడ్డదిడ్డం, మెడ లేదు, తోక పొట్టిది. బొమ్మల కింద పెద్ద అక్షరాలతో ఒకటే వాక్యం: ఏదైనా సరే, దూరం జరగండి, ఫోను చేయండి.

ఈ పాములను శాస్త్రానికి పరిచయం చేసిన చరిత్రలోనూ మన తీరం ఉంది. విశాఖపట్నంలో ఈస్టిండియా కంపెనీ కొలువులో పనిచేసిన పాట్రిక్ రసెల్ అనే వైద్యుడు 1801లో రెండు తలల పామును వర్ణించాడు. ఆయనకు దొరికిన నమూనా తమిళ తీరంలోని తరంగంబాడిది. అక్కడి మిషనరీ క్రిస్టోఫ్ శామ్యూల్ జాన్ పేరు మీద దానికి జానీ అన్న శాస్త్రీయ నామం వచ్చింది. రక్తపింజరకు ఇంగ్లీషులో ఉన్న పేరు ఆ రసెల్‌దే. పోస్టరు బొమ్మలు వేస్తుంటే విద్యార్థులకు ఈ సంగతి చెప్పాను, ఇద్దరు ముగ్గురు నోటు చేసుకున్నారు.

నవంబరు

కాయ ఇంటికి చేరింది. చీర అంచు కట్టిన పొలంలో కాయ ఊరే నెల పందులు రెండోసారి దిగలేదు. వల దించేసుకున్న పక్క రైతు వచ్చి మేకుల దూరం కొలుచుకుపోయాడు, వచ్చే పంటకు మళ్లీ ప్రయత్నిస్తానన్నాడు. తూర్పు గట్టు ఇప్పటికీ అలాగే ఉంది. ఎలుక బొరియలు ఎక్కువయ్యాయని పెద్దాయనకు కొంచెం చికాకు. గట్టు పక్క రెండు సాళ్లలో కాయ తగ్గిందని నిష్ఠూరంగా చెప్పారు. నష్టం ఎంతో తూచి రాసుకున్నాం. ఆ మాట దాచిపెట్టి ఇంకో రైతును గట్టు వదలమని అడగలేను. వచ్చే ఏడు ఆ సాళ్లలో వేరుశనగకు బదులు కంది వేద్దామని ఆయనే అన్నారు, ఎలుక కందికి అంతగా రాదని ఆయన అనుభవం.

బావుల జాబితాలో ఇంకా చాలా మిగిలి ఉన్నాయి. కట్టు కట్టడానికి రాయి, కూలి ఖర్చు పంచాయతీ పనుల్లో చేర్చమని అర్జీ పెట్టాం. మనుషులు, పశువులు పడకుండా కూడా ఆ కట్టు ఉపయోగపడుతుంది కాబట్టి ఒప్పుకుంటారని ఆశ. రోటవేటరు డ్రైవర్లతో ఇంకా కూర్చోలేదు, సంక్రాంతి ముందు వాళ్లకు తీరిక దొరుకుతుంది, అప్పుడు చేను మధ్య నుంచి దున్నే పద్ధతిని పొలంలోనే చూపిస్తాం.

ఈ లోపు కావలసింది పాత చీరలు. పాలియెస్టరువి, చిరుగులు లేనివి. అంచు దారాలు ఊడి వేలాడుతున్నవి ఇవ్వకండి, ఊడిన దారం కూడా పాము ఒంటికి చుట్టుకుంటుంది. తిరుపతిలో మా కాలేజీ విద్యార్థులు ఆదివారాలు ఇళ్లకు వచ్చి తీసుకెళ్తారు.